ఏది మనది? ఏది ఇవ్వదగినది?

(పుష్యమాస ప్రవచనాలలో భాగంగా భక్తుల సమక్షంలో చేసిన ప్రసంగ పాఠం)



గొప్ప పని తలపెట్టినవాడు చేయవలసిన త్యాగాన్ని గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను ఆదేశించారు. ఈ మాట నేటి కాలంలో తరచుగా వినవస్తున్నది. కొత్తగా వ్యాపారం స్థాపించినవాడు, కళను నమ్ముకొన్నవాడు, ఏళ్ళ తరబడి ఒక గ్రంథం మీద కూర్చున్నవాడు, అందరూ చివరకు సభలో నిలబడి "దీనికోసం నేను సర్వస్వం త్యాగం చేశాను" అంటారు. సభ చప్పట్లు కొడుతుంది. శాస్త్రం చదువుకొన్నవాడికి మాత్రం ఆ మాట వినగానే ఒక సందేహం కలుగుతుంది. ఆ సర్వస్వంలో ఏమేమి ఉన్నాయి? అవన్నీ ఆయనవేనా?

ఇది తర్కం కోసం పుట్టించిన సందేహం కాదు. మన పూర్వులు దీన్ని యజ్ఞవాటికలోనే విచారించారు. యాగమంటే ఏమిటని అడిగితే శ్రౌతసూత్రకారులు మూడు మాటలలో తేల్చారు: ద్రవ్యం, దేవత, త్యాగం. ఒక వస్తువు ఉండాలి, దాన్ని ఉద్దేశించిన దేవత ఉండాలి, అది ఇక నాది కాదని యజమాని విడిచిపెట్టాలి. అగ్నిలో వేసేవాడు అధ్వర్యుడు. ఆయన ఆహుతి వేస్తూ ఉంటే యజమాని పక్కన కూర్చుని "ఇది నాది కాదు" అని పలుకుతాడు. ఆ ఒక్క మాటే త్యాగం. నేతిని ఎవరు పోసినా ఫలం యజమానికి దక్కేది ఆ మాట వల్లనే.

అయితే "ఇది నాది కాదు" అని విడువడానికి ముందు అది నాదై ఉండాలి కదా! పొరుగువాడి ఆవును తోలుకువచ్చి "ఇది నాది కాదు" అంటే అది త్యాగం కాదు, సత్యం పలకడం మాత్రమే. (నవ్వులు)

విశ్వజిత్తు అనే యాగం ఉంది. అందులో యజమాని తన సర్వస్వాన్నీ దక్షిణగా ఇచ్చివేయాలి. కాళిదాస మహాకవి వర్ణించిన రఘుమహారాజు ఈ యాగమే చేశాడు. అది ముగిసిన తరువాత కౌత్సుడనే స్నాతకుడు గురుదక్షిణ కోసం వచ్చేసరికి ఆ చక్రవర్తికి అర్ఘ్యమివ్వడానికి మట్టిపాత్ర తప్ప మరొకటి మిగలలేదు. మీలో చాలామందికి తెలిసిన కథే.

జైమిని మహర్షి పూర్వమీమాంసా సూత్రాలలో, ఆరవ అధ్యాయంలో, ఈ విశ్వజిత్తును ముందు పెట్టుకొని విచారణ చేశాడు. సర్వస్వమూ ఇవ్వాలని శ్రుతి చెప్పింది. తల్లి, తండ్రి, బంధువులు కూడా లోకంలో "నా తల్లి, నా తండ్రి" అనే అనబడుతున్నారు. మరి వారిని కూడా ఇవ్వవచ్చునా? ఇవ్వరాదని సిద్ధాంతం. "నా ఆవు" అన్నప్పటి "నా" వేరు, "నా తండ్రి" అన్నప్పటి "నా" వేరు. మొదటిదానిలో స్వామ్యం ఉంది, రెండవదానిలో ఉన్నది సంబంధం మాత్రమే. రాజు కూడా "నా రాజ్యం" అంటూ భూమినంతటినీ దానం చేయడానికి వీలులేదని అదే చోట తేల్చారు. భూమి అందరిదీ. రాజు దాన్ని పాలించి తన భాగం తీసుకొంటాడు, అంతవరకే.

ఈ విచారణ నేను విద్యార్థిగా ఉన్నప్పుడు శుష్కంగా తోచేది. ఎవరు తండ్రిని దక్షిణగా ఇస్తారు, దీనికి ఇంత చర్చ ఎందుకు అనుకొనేవాళ్ళం. డెబ్బై దాటి, నలుగురు వచ్చి తమ ఇంటి సంగతులు చెప్పుకొనే వయస్సు వచ్చిన తరువాత, మీమాంసకులు లోకం తెలిసినవారేనని అర్థమైంది. తల్లిని గోవులతో కలిపి ఎవరూ తోలి ఇవ్వరు. కాని తల్లి పేరనున్న ఇంటిని తాకట్టుపెట్టి కుమారుడు వ్యాపారం మొదలుపెడతాడు. భార్య పుట్టింటివారిచ్చిన బంగారాన్ని బ్యాంకులో కుదువపెడతాడు. పిల్లవాడు నడక నేర్చుకొంటున్న సంవత్సరాలలో ఇంటికి రాడు. ఇంత చేసి "నేను త్యాగం చేశాను" అంటాడు. వ్యాపారం ఫలిస్తే స్వామి హుండీలో ఇంత వేస్తానని మొక్కుకొంటాడు కూడా! స్వామిని భాగస్వామిగా చేర్చుకొన్నవాడు, ముందే పెట్టుబడి పెట్టిన ఇల్లాలిని లెక్కలో చేర్చుకోడు.

యువకులను నిందించడానికి ఈ మాట అనడం లేదు. కొత్తది సాధించడానికి బయలుదేరినవాడికి కష్టం తప్పదు. నిద్ర మానుకోవాలి, రుచులు మానుకోవాలి, తోటివారు ఇళ్ళు కట్టుకొంటూ ఉంటే అద్దెఇంట్లో ఉండాలి, నలుగురు నవ్వితే సహించాలి. పాణినీయం పట్టుదలతో చదవడానికి పన్నెండేళ్ళు పడుతుందని మా పెద్దలు అనేవారు. అన్నేళ్ళూ విద్యార్థి తన సుఖాన్ని విడిచిపెట్టవలసిందే. ఇవన్నీ వాడివి. వాడు విడువవచ్చు, విడవాలి కూడా. నేను చెప్పేది వాడివి కానివాటిని గురించి.

ఈ విషయంలో ధర్మశాస్త్రం ఎంత స్పష్టంగా ఉన్నదో చూడండి. యాజ్ఞవల్క్య మహర్షి దత్తాప్రదానిక ప్రకరణంలో, కుటుంబానికి విరోధం కలగకుండా తన సొత్తును మాత్రమే ఇవ్వాలన్నాడు. భార్యాపుత్రులు దేయవస్తువులు కారన్నాడు. సంతానం ఉన్నవాడు సర్వస్వం ఇవ్వరాదన్నాడు. ఒకరికి ఇస్తానని మాట ఇచ్చినదాన్ని మరొకరికి ఇవ్వరాదని కూడా చెప్పాడు. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర వ్రాశాడు. ఆ మితాక్షరను పదమూడవ శతాబ్దంలోనే మూలఘటిక కేతన తెలుగుచేసి మనకు విజ్ఞానేశ్వరీయమనే పేర అందించాడు. కనుక ఇది తెలుగువారికి తెలియని ధర్మం కాదు.

స్త్రీధనం మాట కూడా అక్కడే ఉంది. భర్త భార్య ధనాన్ని తీసుకొని తిరిగి ఇవ్వనవసరం లేని సందర్భాలను యాజ్ఞవల్క్యుడు లెక్కపెట్టి చెప్పాడు: దుర్భిక్షం, అవశ్యమైన ధర్మకార్యం, వ్యాధి, నిర్బంధంలో చిక్కడం. నాలుగే. ఇందులో వ్యాపారం లేదు. గ్రంథముద్రణ లేదు. సినిమా తీయడం అసలే లేదు. (నవ్వులు) అంటే వాటికోసం తీసుకొంటే అది ఋణం. వడ్డీ సంగతి తరువాత, అసలు తీర్చక తప్పదు.

ఇక్కడ దాతలు కూర్చుని ఉన్నారు. దేవస్థానం పత్రికలో ఇలా వ్రాయవచ్చునా అని కొందరికి అనిపించవచ్చు, అయినా చెబుతున్నాను. ఇంట్లో వృద్ధమాతకు మందులు కొనకుండా తెచ్చిన వెయ్యి రూపాయలు గోపురం మీద బంగారంగా మెరిసినా, శాస్త్రదృష్టిలో అది దానం కాదు. స్వామికి కొరత లేదు.

మరి హరిశ్చంద్రుడు భార్యనూ కుమారుణ్ణీ అమ్మలేదా అని ఎవరో ఒకరు అడుగుతారు. మార్కండేయ పురాణం తెరచి చూడండి. నన్ను అమ్మి ఋణం తీర్చుకొమ్మని ముందుగా అన్నది ఆ సాధ్వియే. ఆ మాట విని ఆయన మూర్ఛపోయాడు. అక్కడ ఆమె వస్తువు కాదు, ఆయనతోపాటు తానూ ఒక కర్త్రి. యజ్ఞంలోనూ అంతే. దంపతులిద్దరికీ కలిపి అధికారమని జైమిని అదే ఆరవ అధ్యాయంలో చెప్పాడు. హోమానికి సిద్ధం చేసిన ఆజ్యాన్ని పత్ని కళ్ళతో చూడాలని విధి ఉంది. ఎంత పెద్ద సోమయాజి అయినా ఇల్లాలి చూపు పడని నెయ్యి అగ్నికి పనికిరాదు. నేటి కాలంలో ఒక పని తలపెట్టినవాడు తన లెక్కల పుస్తకాన్ని ఇంట్లో చూపించకుండా దాచిపెడితే, అది ఇల్లాలు చూడని ఆజ్యమే.

విశ్వజిత్తు చేసిన మరొకరి కథ కఠోపనిషత్తులో ఉంది. వాజశ్రవసుడు సర్వస్వం ఇస్తానని సంకల్పించి, పాలు ఎండిపోయి, మేత మేయలేని, ఈనలేని ముసలి ఆవులను దక్షిణగా తోలించాడు. తన సుఖంలో ఏ భాగమూ తగ్గకుండా సర్వస్వదాత అనిపించుకోవాలని చూశాడు. కుమారుడు నచికేతుడు, బాలుడు, అది చూసి కలతపడ్డాడు. "నాయనా, నన్ను ఎవరికి ఇస్తావు?" అని మూడుమార్లు అడిగాడు. తండ్రికి కోపం వచ్చింది. మృత్యువుకు ఇస్తానన్నాడు.

ఇవ్వవలసిన మంచి గోవులను ఇవ్వలేదు. ఇవ్వరాని కుమారుణ్ణి ఒక్క మాటతో ఇచ్చివేశాడు. ఈ కథను ఆత్మవిద్య కోసం చదువుతాం, చదవవలసిందే. కాని నచికేతుడు యముని ఇంట మూడు రాత్రులు నిరాహారుడై నిలిచి మూడు వరాలు పొందినప్పుడు మొదట ఏమి కోరాడు? అగ్నివిద్య కాదు, ఆత్మజ్ఞానం కాదు. తన తండ్రి మనస్సు శాంతించాలని, కోపం పోవాలని, తాను తిరిగి వెళ్ళినప్పుడు తనను గుర్తుపట్టి ప్రీతితో పలకరించాలని కోరాడు. తండ్రి తనను గుర్తుపడతాడా అనే భయం ఆ పసివాడికి ఉన్నది! బ్రహ్మవిద్యకంటే ముందు ఆ భయం తీరాలి. ఈ ఘట్టం పాఠం చెప్పినప్పుడల్లా నేను కొంతసేపు ఆగేవాణ్ణి. దూరదేశంలోనో, ఇదే ఊరిలోనో, రాత్రి పదకొండు గంటలకు ఇల్లు చేరే తండ్రులకు ఈ మొదటి వరాన్ని గురించి భాష్యం అవసరం లేదు.

పండితులకు ఇష్టమైన కథ మరొకటి ఉంది. మిథిలకు చెందిన వాచస్పతి మిశ్రుడు సుమారు వెయ్యేళ్ళ నాటివాడు. న్యాయం, సాంఖ్యం, యోగం, మీమాంస, వేదాంతం, దేనిమీద వ్యాఖ్య వ్రాసినా అది ఆ శాస్త్రానికి ప్రమాణంగా నిలిచింది. శంకర భగవత్పాదుల బ్రహ్మసూత్ర భాష్యానికి ఆయన వ్రాసిన వ్యాఖ్య పేరు భామతి. ఆ పేరు ఎందుకు వచ్చిందంటే మా గురువుగారు ఇలా చెప్పేవారు. మిశ్రుడు వ్యాఖ్యారచనలో మునిగి సంవత్సరాలు గడిపాడు. ఒక రాత్రి దీపం కొడిగట్టింది. ఎవరో స్త్రీ వచ్చి వత్తి ఎగదోసింది. ఆయన తలెత్తి "అమ్మా, నీవెవరు?" అన్నాడు. "మీ భార్యను" అన్నది ఆమె. అప్పటికి ఆమె తలవెంట్రుకలు నెరిశాయి, ఆయనవీ నెరిశాయి. సంతానం లేదు. అప్పుడు ఆయన తన గ్రంథానికి ఆమె పేరే పెట్టాడు.

ఈ కథ ఆ గ్రంథంలో లేదు. గ్రంథాంతంలో ఆయన తన కృతులను పేర్కొన్నాడు, నృగుడనే రాజును స్మరించాడు, అంతే. కథ గురుపరంపరలో నోటినుండి నోటికి వచ్చింది. సాధారణంగా దీన్ని మిశ్రుని ఏకాగ్రతకు నిదర్శనంగా చెబుతారు. నాకు అది సగమే అనిపిస్తుంది. మన పెద్దలు ఊరికే ఏకాగ్రతను పొగడదలచుకొంటే భార్యను గుర్తించలేదనే చోట కథ ఆపేవారు. ఆపలేదు. ఆయన పశ్చాత్తాపం వరకు నడిపించారు. చమురు ఎవరు తెచ్చారు, అన్నం ఎవరు వండారు, వచ్చినవారిని వాకిట్లోనే ఎవరు ఆపారు అనే విచారణ చివరకు గ్రంథం మకుటం మీదికి వచ్చి కూర్చున్నది. అద్వైతంలో రెండు ప్రస్థానాలున్నాయి, ఒకటి వివరణం, రెండవది భామతి. పదమూడవ శతాబ్దంలో అమలానందుడు కల్పతరువు వ్రాసినా, పదహారవ శతాబ్దంలో అప్పయ్య దీక్షితులు పరిమళం వ్రాసినా, ఆ పరంపరకంతటికీ ఆ ఇల్లాలి పేరే ఆధారం. అది ఆమెకు ఇచ్చిన బహుమానమని కొందరంటారు. నేను దాన్ని ఋణపత్రమంటాను. ఆమె యౌవనం తిరిగి రాలేదు.

ఇంతవరకు కానివి చెప్పాను, అయినదొకటి చెప్పాలి. పుష్య బహుళ పంచమి సమీపిస్తున్నది కనుక త్యాగరాజస్వామివారి సన్నిధిలో జరిగిన సంగతి చెప్పడం ఉచితం. తిరువారూరులో కొలువైన త్యాగరాజేశ్వరుని పేరే తల్లిదండ్రులు ఆయనకు పెట్టారు. 1847లో కావేరీతీరాన తిరువయ్యారులో ఆయన సిద్ధిపొందాడు. శిష్యులు దేశమంతటా ఆ తెలుగు కృతులను పాడారు, కీర్తి పొందారు. సమాధి మాత్రం కాలక్రమాన శిథిలమై, చుట్టూ పొదలు పెరిగి, పట్టించుకొనేవారు లేని స్థితికి వచ్చింది.

బెంగుళూరు నాగరత్నమ్మగారి పేరు విన్నారు కదా! 1878లో మైసూరు సమీపంలోని నంజనగూడులో, దేవదాసీ కులంలో జన్మించారు. కన్నడం, తెలుగు, సంస్కృతం నేర్చారు. మద్రాసు చేరి కచేరీలతో గొప్ప పేరూ ధనమూ సంపాదించారు. సంగీతంలో ఆమెకు గురువైన బిడారం కృష్ణప్పగారు తిరువయ్యారు సమాధి దుస్థితిని గురించి 1921లో ఆమెకు ఉత్తరం వ్రాశారు. అప్పటికి ఆమెకు నలభై మూడేళ్ళు. సుఖంగా ఉండవలసిన వయస్సు. ఆమె కదిలి వెళ్ళారు. సమాధి ఉన్న స్థలాన్ని సంపాదించారు. ఆ సంవత్సరమే శంకుస్థాపన జరిగింది. 1925 జనవరిలో కుంభాభిషేకం జరిగింది. గానంతో కూడబెట్టిన సొమ్ము, ఒంటిమీది నగలు, ఒక్కొక్కటిగా ఆ రాళ్ళలోకి వెళ్ళాయి.

ఇప్పుడు మీమాంసకుని అడగండి: ఆ ద్రవ్యం ఎవరిది? ఆమె తన కంఠంతో ఆర్జించింది. పిత్రార్జితం కాదు, ఒకరి స్త్రీధనం తీసుకొన్నది కాదు, ఆమె ఇచ్చినందువల్ల ఆకలితో పడుకొన్న బిడ్డ లేడు. ముసలి ఆవులను తోలడం కూడా కాదు, ఉన్న మంచినగలే ఇచ్చారు. శ్రౌతసూత్రకారులు చెప్పిన మూడూ అక్కడ సరిగా కుదిరాయి.

అయినా ఆమె అసలు త్యాగం నగలు కాదని నా అభిప్రాయం. ఆ రోజులలో తిరువయ్యారు ఆరాధన పెద్దలు రెండు పక్షాలుగా చీలి ఉన్నారు. ఎవరి ఉత్సవం వారిది. ఇద్దరూ కలిసి ఒప్పుకొన్న విషయం ఒకటే, స్త్రీలు అక్కడ పాడరాదని! తన డబ్బుతో కట్టిన ఆలయం ముందు తానే పాడడానికి వీలులేకపోయింది. మరొకరైతే తాళం వేసి తాళపుచెవి కొంగున కట్టుకొని వెళ్ళేవారు. స్థలం తనది, తగవుకు వెళ్ళినా గెలిచేది. ఆమె మరొక దారి పట్టారు. 1927లో స్త్రీలను కూడగట్టి, ఆ సన్నిధిలోనే వేరుగా ఆరాధన ఆరంభించారు. ఎవరినీ వెళ్ళగొట్టలేదు, తానూ వెళ్ళిపోలేదు. ఇది దాతలందరూ తెలుసుకోవలసిన కష్టం. ఇచ్చిన తరువాత ఇచ్చినచోట తనకు మర్యాద జరగకపోయినా సహించి నిలవడం, నగ తీసి ఇవ్వడంకంటే ఎన్నోరెట్లు కష్టం. గదికి పేరు చెక్కించలేదని, ప్రసాదం ముందుగా ఇవ్వలేదని అలిగే దాతలను నేను ఎరుగుదును. వారిలో మంచివారూ ఉన్నారు, తమ కష్టార్జితం ఇచ్చినవారూ ఉన్నారు. "నాది కాదు" అన్న మాట వారి నోటినుండి వచ్చింది, మనస్సునుండి ఇంకా బయలుదేరలేదు.

పక్షాలన్నీ కలిసి ఒక్క ఆరాధన కావడానికి ఆమె పదమూడు, పద్నాలుగేళ్ళు వేచి ఉన్నారు. 1940-41 ప్రాంతంలో అది జరిగింది, స్త్రీలకూ స్థానం లభించింది. ఆమె మద్రాసు వైభవం విడిచి తిరువయ్యారులోనే నిరాడంబరంగా జీవించారు. త్యాగరాజస్వామిమీద సంస్కృతంలో అష్టోత్తర శతనామావళి కూర్చారు. మిగిలిన ఆస్తిని ఆ సమాధి కైంకర్యానికే చెందేటట్లు వీలునామా వ్రాశారు. 1952 మే నెలలో పరమపదించారు.

తంజావూరు యాత్రకు వెళ్ళేవారు బృహదీశ్వరుని దర్శించి తిరిగివస్తూ ఉంటారు. అక్కడికి తిరువయ్యారు దూరం 12, 13 కిలోమీటర్లే. పంచనదీశ్వరుని దర్శించి కావేరి ఒడ్డుకు వెళ్ళండి. స్వామివారి సమాధి వద్ద నమస్కరించి, సమీపంలోనే ఉన్న నాగరత్నమ్మగారి సమాధిని కూడా చూడండి. అక్కడ ఆమె విగ్రహం స్వామివారి సన్నిధికి అభిముఖంగా, చేతులు జోడించి కూర్చుని ఉన్నది.